వెక్టర్ క్లాస్‌లో * అంటే ఏంటి?

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత సి++ పుస్తకం ఏది తిరగేసినా, ఆపరేటర్ ఓవర్‌లోడింగ్ చాప్టర్‌లో దాదాపు ఒకటే ఉదాహరణ: రెండు కాంప్లెక్స్ నంబర్లను + తో కూడటం. రికార్డులో రాస్తాం, వైవాలో చెప్తాం, మార్కులు పడతాయి. గేమ్ ప్రోగ్రామర్ ఉద్యోగానికి అది చాలదు. సింటాక్స్ అందరికీ వచ్చు. ఏ గుర్తుకు ఏ అర్థం ఇవ్వాలో తేల్చుకోవడమే అసలు పని.

నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్‌కి ఒక బాణం గీయండి. అబిడ్స్ నుంచి కోఠికి ఇంకోటి. రెండూ కూడితే నాంపల్లి నుంచి నేరుగా కోఠికి వెళ్లే బాణం వస్తుంది. వెక్టర్ల కూడిక ఇంతే. మొదటి బాణాన్ని 2తో గుణిస్తే అదే దిక్కులో రెట్టింపు దూరం. అందుకే 'స్థానం = స్థానం + వేగం * సమయం' అన్న లైన్ చూడగానే గేమ్‌లో పాత్ర కదులుతోందని తెలిసిపోతుంది. సొంత టైపులకు ఆపరేటర్లు ఇవ్వనివ్వని జావాలో ఇదే లెక్కకు మెథడ్‌లు పిలవాలి.

మరి ఆ రెండు బాణాలను గుణిస్తే? డాట్ ప్రాడక్ట్ అయితే ఒక సంఖ్య. క్రాస్ ప్రాడక్ట్ అయితే రెండింటికీ లంబంగా ఉండే వెక్టర్. ఎక్స్‌ని ఎక్స్‌తో, వైని వైతో విడివిడిగా గుణించడం మూడో పద్ధతి. షేడర్లు రాసే జీఎల్‌ఎస్‌ఎల్‌లో రెండు వెక్టర్ల మధ్య * అంటే ఈ మూడోదే. యూనిటీ అయితే వెక్టర్3ల మధ్య * ఒప్పుకోదు. డాట్, క్రాస్, స్కేల్ అని పేరు పెట్టి పిలవాల్సిందే.

అన్‌రియల్ ఇంజిన్‌లో డాట్‌కి |, క్రాస్‌కి ^ గుర్తులున్నాయి. చిక్కంతా ఇక్కడే. గుర్తుకు కొత్త అర్థం ఇవ్వొచ్చు గానీ, ఏది ముందు లెక్కించాలన్న వరుసను సి++లో మార్చలేం. 'అ | ఆ + 5' అని రాస్తే, ముందు ఆ వెక్టర్‌కి 5 కలుస్తుంది, ఆ తర్వాతే డాట్. కంపైలర్ నోరు మెదపదు. శత్రువు ముందున్నాడా, వెనకున్నాడా అని చూసే కోడ్‌లో ఇలా జరిగితే ఆట నడుస్తున్నప్పుడే బయటపడుతుంది.

నా మాట ఇదీ: అర్థం ఒక్కటే అయితే గుర్తు వాడండి, రెండు మూడు ఉంటే పేరు పెట్టండి. టీమ్‌లో మీ కోడ్ మీరొక్కరే చదవరు.

ఈ వారమే చిన్న వెక్టర్ క్లాస్ రాయండి. +, -, సంఖ్యతో * చాలు. * ని మెంబర్ ఫంక్షన్‌గా రాస్తే 'వెక్టర్ * 2' నడుస్తుంది, '2 * వెక్టర్' కంపైల్ కాదు. ఎడమవైపు మన క్లాస్ లేదు కాబట్టి, దానికి క్లాస్ బయట ఇంకో ఫంక్షన్ కావాలి. == దగ్గర కాస్త ఆగండి. ఫ్లోట్ లెక్కల్లో చివరి అంకెలు తేడా వస్తాయి గనుక యూనిటీ దాదాపు సమానమైన వెక్టర్లనూ సమానమే అంటుంది. మీరేం చేస్తారు? ప్రతి నిర్ణయానికీ కారణం రీడ్‌మీలో ఒక్కో వాక్యంగా రాసిపెట్టండి. 'ఇలా ఎందుకు రాశావ్?' అని ఇంటర్వ్యూలో అడిగితే, ఆ నాలుగు వాక్యాలే మీ జవాబు.