వలిసెపూలకు వెల

హేమంతము ప్రవేశించినంతనే విశాఖపట్టణమునుండి అరకులోయకు పోవు త్రోవలన్నియు సందడిగా నుండును. సముద్రతీరమునకు 115 కిలోమీటర్ల దూరమున, సుమారు 900 మీటర్ల యెత్తున నున్న యీ చిన్న యూరు, ఉక్కపోతకు అలవాటుపడిన తీరవాసులకు నిజమైన చలిని చవిచూపును. బైలదిల్లా ఇనుపఖనిజమును రేవునకు చేర్చుటకై 1960 తరువాతి యేండ్లలో నిర్మించిన రైలుమార్గము అనేక సొరంగములను దూరి యిక్కడకు చేరును. ఆ బండికి 2017లో అద్దాల పెట్టెను గూడ తగిలించిరి. ఒక్కొక్క సొరంగము దాటగానే ఒక్కొక్క లోయ కన్నులముందు విప్పుకొనును. ఈ సొగసును కాదనువారెవ్వరు?

అయినను అరకు చూచివచ్చినవారి నోట ఒక ఫిర్యాదు వినబడుచున్నది. వలిసెచేలలో నిలిచి ఫొటో తీసికొనుటకు గిరిజన రైతులు కొందరు రుసుము అడుగుచున్నారట! "పూవును చూచుటకును వెలయా?" అని వీరి ఆక్షేపణ. ఇది న్యాయమైన ఆక్షేపణయేనా యని కొంచెము విచారింపవలసియున్నది.

అరకు శీతకాలమున రెండు విధములైన అందములు గలవు. ఒకటి ప్రకృతి యిచ్చునది. మబ్బులేని రాత్రులయందు నేల త్వరగా చల్లబడును. చల్లని గాలి బరువుగా నుండుటచే కొండవాలుల వెంట జారి లోయ యడుగున చేరును. అందలి తేమ పొగమంచై నిలుచును. అందుచేతనే తెల్లవారుజామున గాలికొండ మీదినుండి చూచువానికి లోయ యంతయు పాలసముద్రమువలె తోచును. ఎండ ముదిరినకొలది అది కరగిపోవును. దానికి ఎవరును వెల యడుగలేదు, అడుగజాలరు.

రెండవది మనుష్యుడు పండించునది. వలిసెలు అడవిపూలు కావు, నూనెగింజల పంట. నీటివసతిలేని మెట్టనేలలలో, కొండవాలులలో, వానలు వెనుకబట్టు వేళ గిరిజనులు వానిని విత్తుదురు. కార్తీక మార్గశిరములలో చేనంతయు పసుపు ఆరబోసినట్లు పూచును. యాత్రికునకు పూవుతో పని ముగియును. రైతునకు అప్పుడే మొదలగును. తేనెటీగలు పూవునుండి పూవునకు పుప్పొడి చేర్చినగాని వలిసెలో గింజ సరిగా కట్టదు. గింజ ముదిరి, పైరు కోసి, నూర్చి, సంతకు చేర్చినగాని ఇంట నాలుగు రూకలు కనబడవు. ఫొటోకొరకు చేని నడుమకు చొచ్చిన యొక కుటుంబము విరిచిన మొక్కలు పదియే కావచ్చును. దాని వెనుక వచ్చు నూరు కుటుంబముల మాట యేమి? మన వరిచేనిలో ఎవరైన నిట్లు విహరించినచో మనము కఱ్ఱ పుచ్చుకొని బయలుదేరమా?

వలిసె పూచు దినములలోనే కాఫీ పండ్లును ఎఱ్ఱబారును. సిల్వర్ ఓక్ చెట్ల నీడను, మిరియపు తీగెల నడుమ, పండినదానిని మాత్రమే యేరి చేతితో కోయవలెను. పచ్చికాయ కలిసినచో రుచి చెడును. కావున ఒక్క మొక్కకడకే పలుమారులు పోవలెను. సుమారు 6 కిలోల పండ్లకు ఒక కిలో గింజలు వచ్చును. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది, అందరును సంతోషించితిమి. అయితే కిటికీ యద్దము వెనుక కూర్చుండి వేడికాఫీ త్రాగుచు మనము మెచ్చుకొను ఆ మంచులోనే, కాఫీ కోయు స్త్రీల వ్రేళ్లు కొంకర్లు పోవుచుండును. ఆ కాఫీకి మాఱుమాటలేక వెల యిచ్చువారు పూవు దగ్గఱ గొణుగుటేల?

ధనము ప్రవేశించినచో గిరిజనుల అమాయకత్వము చెడునని కొందఱు విచారింతురు. ఈ విచారము నాకు రుచింపదు. ఆ యమాయకత్వమును ఆధారము చేసికొనియే బయటివారు వారి భూములు కాజేసిరి. అందుచేతనే 1959లో భూబదలాయింపు నిబంధనయు, 1970లో దానిని కట్టుదిట్టము చేయు సవరణయు తేవలసివచ్చినది. తన చేనికి వెల తెలిసినవానిని చూచి మనము సంతోషింపవలెను.

అట్లని రుసుము చెల్లించినవానికి పైరు తొక్కు హక్కు వచ్చినదని నేననుట లేదు. చేని యంచున ఒక కాలిబాట విడిచి, రుసుమును పంచాయతీవారు నిర్ణయించి, ఆ సొమ్ము చేనిగలవానికే ముట్టునట్లు చేసినచో బేరములును తగవులును ఉండవు. పూవును నిలుచును, గింజయు నిలుచును.

మన కవులు ఋతువర్ణనలలో సిద్ధహస్తులు. వారిలోను శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వానకాలమును వర్ణించుచు మేఘములతో తృప్తిపడక, ఆ వానలో పాట్లుపడు కాపులను, వారు తిను కూటిని గూడ పద్యములలోనికి తెచ్చెను. చక్రవర్తికి కనబడిన కాపు, కెమెరా చేతబట్టిన మనకు కనబడకపోవుట శోచనీయము. ఈ యేడు అరకు పోవువారు మంచును కన్నులార చూతురుగాక. వలిసెచేని గట్టున నిలిచి, అడిగిన రుసుమును సంతోషముతో చెల్లింతురుగాక. వీలైనచో ఆ చేయి చాచినవానిని ఈ యేడు గింజ యెట్లున్నదని ఒక్క మాట యడుగుదురుగాక.