ఆరోగ్య విషయములు: పసికందు తోడితెచ్చుకొను కవచము



కంటికి గానరాని సూక్ష్మజీవులు మన చర్మముపైనను, నోటియందును, ప్రేవులయందును లెక్కకు మిక్కిలిగా నున్నవి. అయినను మనము నిత్యరోగులము గాకుండుటకు గల కారణములలో నొకదానిని ఈ నెల పాఠకురాండ్రకు దెలుపఁ దలఁచితిమి.

అమెరికాలో మైకేల్ జాస్లాఫ్ అను శాస్త్రజ్ఞుఁడు ఆఫ్రికాదేశపు కప్పలకు శస్త్రచికిత్స చేసి, కుట్లు వేసి, తొట్టిలో విడుచుచుండెను. ఆ నీరు శుభ్రమైనది కాకున్నను గాయములు చీముపట్టక మానుచుండెను. కప్పచర్మమునందలి పెప్టైడ్ అను చిన్న పదార్థమే యిందులకు గారణమని యతఁడు 1987లో బ్రకటించెను. ఇరువదిమూఁడు ఆమినో ఆమ్లముల గొలుసైన దానికి, హెబ్రూభాషలో డాలు అను నర్థమిచ్చు మాటనుండి 'మగైనిన్' అని పేరిడెను. ఇట్టివి మన శరీరమునందును గలవు.

ఇవి పనిచేయు విధము వినుఁడు. సూక్ష్మజీవి పైపొరయందు ఋణవిద్యుత్తు, పెప్టైడునందు ధనవిద్యుత్తు ఉండును. కావున నిది దానిని వెదకికొని పోయి యంటుకొనును. దీని యొక ప్రక్కకు నీటితోడను, రెండవ ప్రక్కకు క్రొవ్వుతోడను పొత్తు. అందుచే క్రొవ్వుతో నేర్పడిన యాపొరలోఁ జొచ్చి రంధ్రములు చేయును. చిల్లుకుండలో నీరు నిలువనట్లు లోపలి లవణములు వెలికిఁ గారిపోయి సూక్ష్మజీవి నశించును. మన కణముల వెలుపలి పొరయం దా ఋణవిద్యుత్తు మిక్కిలి తక్కువ. కొలెస్టరాల్ కూడ నుండును. కావున వానికి హాని యల్పము.

పుట్టినబిడ్డ మేనిపై నుండు తెల్లని జిడ్డులో నిట్టి పెప్టైడులు గలవు. దానిని మురికియని తలంచి వెంటనే సున్నిపిండితో రుద్ది కడుగుట తగదు. నెత్తురంటిన మెత్తని పొడిబట్టతో నద్ది, స్నానమును ఇరువదినాలుగు గంటలు ఆపవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది.

కొన్ని యిండ్లలో తల్లి ముర్రుపాలను చెడుపాలని పిండి పాఱఁబోయుదురు. అందు లాక్టోఫెరిన్ అను మాంసకృత్తు సమృద్ధిగా నున్నది. అది కడుపులో జీర్ణమగునపుడు సూక్ష్మజీవులను జంపు పెప్టైడు పుట్టును. పుట్టిన గంటలోపలనే బిడ్డను రొమ్మునకుఁ బట్టింపవలెను. తేనె, చక్కెరనీరు ముందుగా నాకింపరాదు.

ఇంత రక్షణ యున్నను శిశువు పాలు త్రాగకున్నను, ఒడలు కాలినను, చల్లబడినను తడయక వైద్యునియొద్దకుఁ గొనిపోవలెను. పురుడు పోయు పెద్దమ్మలకును, అత్తగారలకును ఈ సంగతులు నెమ్మదిగాఁ జదివి వినిపింపుఁడని మా ప్రార్థన.