రాతి నెఱ్ఱెలలో నీటి లెక్క

బోరుబావికై అప్పు కోరు సభ్యులు, "ఇంకను 100 అడుగులు దింపినచో నీరు పడకపోవునా?" అని తఱచుగా అడుగుచుందురు. ఈ ప్రశ్నకు సమాధానము, నీటికై గాక వేడికై రాతిని తొలిచినవారి యనుభవమున దొరకునని మా యభిప్రాయము.

అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రమున ఫెంటన్ హిల్ అను చోట, లాస్ అలమోస్ పరిశోధనశాలవారు 1970వ దశకమున గట్టిరాతిలోనికి బావులు దింపిరి. ఒక బావిలో చన్నీటిని ఒత్తిడితో నెట్టి, వేడిరాతిలో నెఱ్ఱెలు తెఱిపించి, ఆ నీటిని రెండవ బావినుండి వేన్నీరుగా రాబట్టుట వారి యుద్దేశము. మొదటి జంట బావులు పనిచేసెను. రెండవ జంటను మఱింత లోతుగా, 4 కిలోమీటర్లకు పైబడి, అడుగున వేడి 300 డిగ్రీలు మించిన చోటికి దింపిరి. పగుళ్లు నిలువుగా పెరిగి రెండు బావులను కలుపునని లెక్కవేసి, ఒకదానిపై నొకటిగా ఏటవాలున త్రవ్విరి. రాయి ఆ లెక్కను పాటింపలేదు. పగుళ్లు వేఱు దిక్కున పోయెను; బావులు కలియలేదు. రాయి పగులునపుడు పుట్టు సన్నని కంపములను యంత్రములతో పట్టి, పగులు నిజముగా ఎచట నున్నదో గుర్తించి, 1985లో ఒక బావిని అటువైపు మరల త్రవ్విన పిమ్మటనే నీరు ఈ బావినుండి ఆ బావికి నడచెను.

వారు తెలియనివారు కారు. చిక్కంతయు పగులులోనే యున్నది. సందు వెడల్పు రెండింతలైనచో దానిలో పాఱు నీరు 8 రెట్లగును. మూడింతలైనచో 27 రెట్లు. కావున 25 సన్నని పగుళ్లు కలిసి మోయు నీటికంటె, మూడింతల వెడల్పుగల యొక్క పగులు ఎక్కువ మోయును. గట్టులో ఎండ్రకాయ బొరియ పడిన మడిని చూచినవారికి ఇది చెప్పనక్కఱలేదు. వేడిరాతిలోనైనచో చన్నీరంతయు ఆ యొక్క దారినే పరుగెత్తి, చాలినంత వేడెక్కకయే వెలికివచ్చును. రాయి చల్లబడి ముడుచుకొనగా ఆ దారి యింకను వెడల్పగును. అందుచేతనే లెక్కకట్టువారు రంగునీటిని పంపి, అది ఎన్ని గంటలకు బయటపడునో చూచి, లెక్కను దిద్దుకొందురు.

మన తెలంగాణ, రాయలసీమ రాతినేలలలో అంతటి వేడితో మనకు పనిలేదు గాని, నీటి నడక యదియే. హైదరాబాదు చెంత మహేశ్వరమున భారత, ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పరిశీలింపగా, నీరు మోయు పగుళ్లు పై పొరలలోనే హెచ్చుగా కనబడెను. లోతు పెరిగినకొలది అరుదయ్యెను. ఇట్టి చోట బావిని లోతు చేయుట పలుమారులు అప్పును లోతు చేయుటయే.

అప్పు నిరాకరింపుడని మేము చెప్పుట లేదు. ఎన్ని యడుగుల వద్ద పగులు తగిలెను, ఎంత నీరు వచ్చెను, ఎన్ని గంటలు తోడిన మట్టము ఎంత పడెను అను సంగతులు వ్రాసి యిచ్చినవారికే రెండవ అప్పు ఈయవలెను. నీరు పడని బావుల వివరములు మఱింత ముఖ్యము. నలుగురిలో చిన్నతనమని వానిని దాచుట మనవారి యలవాటు. ఆ పుస్తకము సంఘపు గదిలో నున్నచో, క్రొత్తగా త్రవ్వదలచినవాడు అరచేత కొబ్బరికాయ పట్టి తిరుగువానిని పిలుచుటకు ముందు దానిని తిరుగవేయవచ్చును.