పాకెట్టు మొత్తం గ్లాసులో పోయొద్దు

స్నేహితులారా, గాఢత లెక్కలు మార్కుల కోసమే అని మన క్లాసులో చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. వానాకాలం వచ్చింది, ఇంక విరేచనాలు మొదలవుతాయి. నర్సమ్మ ఇచ్చే పెద్ద ఓఆర్ఎస్ పాకెట్టులో పొడి 20.5 గ్రాములు, కలపాల్సిన నీళ్లు 1 లీటరు. గాఢత లీటరుకి 20.5 గ్రాములు. అదంతా 200 మిల్లీలీటర్ల గ్లాసులో పోస్తే? 20.5ని 0.2తో భాగించండి, 102.5 వస్తుంది. అయిదు రెట్లు చిక్కన! ఉప్పు నీళ్లలో వేసిన బంగాళాదుంప ముక్క మెత్తబడిపోయింది, గుర్తుందా? నీళ్లు పల్చని వైపు నుంచి చిక్కని వైపుకి పోతాయి. మన ఒంట్లో నీళ్లు కూడా అట్లాగే పేగులోకి పోయి విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. చిక్కగా తాగితే బలం అని మా అవ్వ అంటది. అంబలికైతే సరే, దీనికి కుదరదు. ప్రపంచ ఆరోగ్య సంస్థే 2002లో పాత 27.9 గ్రాముల పాకెట్టుని 20.5కి తగ్గించింది, దాంతో వాంతులు తగ్గాయి. 200 మిల్లీలీటర్ల చిన్న పాకెట్లు కూడా ఉంటాయి, వెనక చదవకుండా చింపొద్దు.

వార్డెన్ మేడంగారూ, మెస్సు గ్లాసులు ఒక్కోటి ఒక్కో సైజు. సిక్ రూములో గీతలున్న లీటరు సీసా ఒకటి పెట్టించండి. చిన్న క్లాసుల చెల్లెళ్లకి కలిపి చూపించే పని మేం చేస్తాం.