సమ్మెట కొట్టే మనిషి కావాలి

ఇంట్లో తయారుచేసుకున్న హైడ్రాలిక్ ప్రెస్ వీడియోలు మన హాస్టల్లో చాలామందే చూస్తారు. ఎర్రగా కాలిన ఇనుము దాని కింద మెత్తగా నలిగిపోతుంటే భలే ఉంటుంది. ఆఖర్న అలలు అలలుగా గీతలున్న డమాస్కస్ కత్తి ఒకటి తయారై గోడకెక్కుతుంది. ఆ మెషీన్ అసలు ఉండాల్సింది మా దమ్మపేట వైపు కొలిముల్లో అని నా అభిప్రాయం. సీఎస్ఈ వాడికి ఇదంతా ఎందుకు అని మెకానికల్ వాళ్లు నవ్వుకుంటే నవ్వుకోండి.

మాది అడవి అంచు. ఇప్పుడు ఎటు చూసినా పామాయిల్ తోటలే, మండలంలోనే అప్పారావుపేటలో ఫ్యాక్టరీ ఉంది. చెట్లు ఎత్తు పెరిగాక పొడుగాటి గొట్టానికి కొడవలి బిగించి గెలలు కోయాలి. కొత్త కొడవలి షాపులో దొరుకుతుంది. అరిగినా వంగినా మాత్రం కొలిమికే రావాలి. పాత లారీ కమాన్ పట్టీతో కత్తి చేయించుకునేదీ అక్కడే.

నాకు తెలిసిన కొలిమిలో పట్టకారు, చిన్న సుత్తి పెద్దాయన చేతిలో ఉంటాయి. సమ్మెట ఆయన భార్యది. ఆయన సుత్తితో ఎక్కడ తడితే ఆమె సరిగ్గా అక్కడే కొడుతుంది. కొడుకు హైదరాబాద్‌లో డ్రైవర్. ఆమెకి భుజం నొప్పి. ఆమె కొట్టలేని రోజున ఆయనకెంత పనితనం ఉన్నా కొలిమి ఆగిపోతుంది. తెలంగాణ ఉక్కు అనగానే కోనసముద్రం పేరు చెప్పి స్టేటస్‌లు పెడతాం కదా, బతికున్న కొలిమికి మాత్రం సమ్మెట కొట్టే మనిషి లేడు.

ఆ మనిషి పని ప్రెస్ చేస్తుంది. 1795లో జోసెఫ్ బ్రామా పేటెంట్ తీసుకున్న మెషీనే, వెనకున్నది మనం చదివిన పాస్కల్ సూత్రమే. 125 మి.మీ. సిలిండర్‌కి 150 బార్ ఒత్తిడి ఇస్తే 18 టన్నులు దాటుతుంది. చాలామంది 20 టన్నుల బాటిల్ జాకీని ఫ్రేమ్‌లో పెట్టి సరిపెడతారు. బలం చాలుతుంది గానీ వేగం చాలదు. చేత్తో పంపు కొడుతుండగానే చల్లటి డైలు ఇనుములో వేడి లాగేస్తాయి. నిమిషానికి 20 లీటర్ల పంపు పెడితే సిలిండర్ సెకనుకి 2.7 సెం.మీ. కదులుతుంది. దానికి సుమారు 7.5 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటార్ కావాలి. కొలిమి పాకలో త్రీ ఫేజ్ ఎక్కడిది?

కానీ ఊరినిండా ట్రాక్టర్లున్నాయి. ట్రాలీని ఎత్తేది హైడ్రాలిక్ జాకీయే, దానికి ఆయిల్ పంపే పంపు ట్రాక్టర్‌లోనే ఉంది. రోటవేటర్‌కి ఇచ్చినట్టే గంటకింత అని అద్దె ఇస్తే చాలు. మనం చెయ్యాల్సింది ఫ్రేమ్, డైలు, వాల్వ్. ట్రాలీ జాకీ బరువు వల్లే కిందికి దిగుతుంది కాబట్టి వెనక్కి లాగడానికి స్ప్రింగులు కావాలి.

ప్రమాదం తక్కువేమీ కాదు. హోస్‌కి సూది మొనంత చిల్లు పడినా ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, కొలిమి పక్కనైతే అంటుకుంటుంది. అందుకే ట్రాక్టర్ పాక బయటే ఉండాలి, హోస్‌కి కవచం ఉండాలి. ఫ్రేమ్ వెల్డింగ్ దయచేసి మనం చెయ్యొద్దు, పని తెలిసిన వెల్డర్‌కి ఇద్దాం.

మెషీన్ వస్తే పనితనం పోతుందంటారు కొందరు. ప్రెస్ ఇనుముని సాగదీస్తుంది, అంతే. రంగు చూసి బయటికి తియ్యడం, వాలు తేల్చడం, పదును పెట్టడం పెద్దాయనకే తెలుసు.

వచ్చే సెమిస్టర్ మినీ ప్రాజెక్ట్‌కి దీన్ని పెడుతున్నా. ఫ్రేమ్ డిజైన్ చేసే మెకానికల్ వాళ్లు ఇద్దరు కావాలి. ట్రాక్టర్ సంగతి నేను చూసుకుంటా.