మౌనమా, నోరు నొక్కడమా?

"జీన్ సైలెన్సింగ్" అన్న మాట తెలుగులోకి అడుగుపెట్టగానే "జన్యు మౌనం" అయిపోతుంది. వినడానికి ఇంపుగానే ఉంటుంది. కానీ మౌనం అనేది ఎవరికి వారు పట్టేది. మునులు పడతారు, అలిగినవారు పడతారు. జన్యువు అలగదు, వ్రతమూ పట్టదు. దాని నోరు మరొకరు నొక్కుతారు. ఎవరు నొక్కుతున్నారు, ఎవరి నోరు, ఎవరి చేత్తో అన్న మూడు ప్రశ్నలనూ ఈ "మౌనం" మింగేస్తుంది. ఇది వట్టి పదాల పంచాయితీ అయితే ఇంత రాయనక్కరలేదు. కర్తను దాచిన ఈ మాట చాటున ఒక అసత్యం దర్జాగా చెలామణీ అవుతోంది కనుక రాస్తున్నాను.

ఆ అసత్యం ఇది: రసాయన మందులకు తెగుళ్ళు అలవాటుపడతాయి గాని, ఆర్.ఎన్.ఏ. పిచికారీకి పడలేవు, జన్యువే మూగబోయాక శిలీంధ్రం చేసేదేముంది?

చేసేది చాలా ఉంది. మనం పిచికారీ డబ్బాలో పోసుకుంటున్న ఈ విద్య శిలీంధ్రానికి కొత్తదేమీ కాదు, ఇంటి విద్యే.

జన్యువు చెప్పదలచిన కబురును కణంలో మోసుకొచ్చేది వార్తాహరి ఆర్.ఎన్.ఏ. ఎక్కడైనా జంటపేటల ఆర్.ఎన్.ఏ. కనబడితే డైసర్ అనే ఎంజైము దాన్ని ఇరవై పైచిలుకు అక్షరాల తునకలుగా కోస్తుంది. ఆర్గొనాట్ అనే ప్రోటీను ఒక తునకను చేతపట్టుకుని, దానికి జత కుదిరే వార్తాహరిని వెదికి తెగ్గొడుతుంది. జన్యువు చెక్కుచెదరదు, దాని కబురు మాత్రం చేరదు. 1990లో పెటూనియా పూలకు ముదురు రంగు తేవాలని రంగు జన్యువును అదనంగా చేరిస్తే కొన్ని పూలు తెల్లబోయాయి. 1992లో రోములో రొమానో, మచీనోలు నారింజరంగు న్యూరోస్పోరా బూజులో ఇటువంటిదే చూశారు. 1998లో ఫైర్, మెల్లోలు నులిపురుగులో దీనికి మూలం జంటపేటల ఆర్.ఎన్.ఏ. అని తేల్చి, 2006లో నోబెల్ అందుకున్నారు. పువ్వు, బూజు, పురుగు: విద్య అందరిదీ.

ఇక తెగుళ్ళ సంగతి చూడండి. మొక్క ఈ కత్తెరను వైరసు మీద వాడుతుంది. వైరసు ఊరుకుందా? దోస మొజాయిక్ వైరసు 2బి అనే ప్రోటీనుతో, పోటీవైరసులు హెచ్.సి.-ప్రో అనే ప్రోటీనుతో ఆ కత్తెరకు అడ్డుపడతాయని 1998లోనే తెలిసింది. సోయా వేళ్ళను కుళ్ళబెట్టే ఫైటాఫ్తొరా కూడా ఇటువంటి ప్రోటీన్లను మొక్క కణంలోకి దింపుతుందని 2013లో బయటపడింది. అదే ఏడు, బూడిద బూజు కలిగించే బోట్రైటిస్ తన చిన్న ఆర్.ఎన్.ఏ. తునకలను మొక్కలోకి పంపి, మొక్క ఆర్గొనాట్ చేతనే మొక్క రక్షణ జన్యువుల నోరు నొక్కిస్తుందని హైలింగ్ జిన్ బృందం ప్రకటించింది. దీన్ని ఒప్పుకోనివారూ ఉన్నారు. టమాటా మీద వెదికితే సాక్ష్యం దొరకలేదని 2023లో మరొక బృందం రాసింది. పత్తి మొక్క కూడా తన తునకలను వడలు తెగులు శిలీంధ్రంలోకి పంపుతుందని 2016లో చూపించారు. మొక్కజొన్నకు కాటుక తెగులు తెచ్చే అస్టిలాగో మేడిస్ కథ మరీ విచిత్రం. దానికి ఈ యంత్రాంగమే లేదు. లేకుండానే నిక్షేపంగా బతుకుతోంది.

ఇప్పుడు పిచికారీకి వద్దాం. 2016లో జర్మనీలో బార్లీ ఆకుల మీద జంటపేటల ఆర్.ఎన్.ఏ. చల్లి ఫ్యుసేరియం శిలీంధ్రాన్ని అణచారు. చల్లిన చోటికి ఎడంగా ఉన్న ఆకుభాగంలో ఆ ఫలితం రావాలంటే శిలీంధ్రానికి సొంత డైసర్ ఉండాలని అదే పరిశోధన చెప్పింది. అంటే మనం దాని నోరు నొక్కిస్తున్నది దాని చేత్తోనే! ఆ చెయ్యి ముడుచుకుంటే మన గతేమిటి?

అసలు లోపలికి పుచ్చుకుంటేగా ఆ ముచ్చట. వరిలో పాముపొడ తెగులు తెచ్చే రైజోక్టోనియా బయటి ఆర్.ఎన్.ఏ.ను బాగా పీల్చుకుంటుందనీ, మామిడి పూతనూ కాయనూ నల్లమచ్చలతో చెరిచే కొల్లెటోట్రైకం జాతి పీల్చుకోదనీ 2021లో ప్రచురించిన పరీక్షల్లో తేలింది. శిలీంధ్రం కాకపోయినా మొక్కజొన్న వేరుపురుగు చెప్పే పాఠం వినదగ్గది. దాని మీద ప్రయోగించిన ఆర్.ఎన్.ఏ.ను తట్టుకునే సంతతి తయారైందని 2018లో ప్రకటించారు. ఆ పురుగు పేగు ఆర్.ఎన్.ఏ.ను లోనికి తీసుకోవడమే మానేసింది; అందుకే వేరే జన్యువు మీద గురిపెట్టిన ఆర్.ఎన్.ఏ. కూడా దానిమీద పారలేదు. ఒక్క తలుపు మూస్తే అన్ని బాణాలూ వృథా.

ఈ విద్య పనికిరాదని నేననడం లేదు. 1998లో హవాయి రైతుల చేతికొచ్చిన రెయిన్‌బో బొప్పాయి ఈ విద్యతోనే వైరసు నుంచి గట్టెక్కింది. కానీ ఆ బొప్పాయే హవాయి వెలుపలి వైరసు రకాలకు లొంగిపోతుంది, అక్షరాలు సరిగా జత కుదరవు కనుక.

"విషాల కన్నా మేలే కదా, ఎందుకీ రభస?" అంటారు. మేలే కావచ్చు. మేలైనదానికీ అజేయమైనదానికీ మధ్యనున్న అగాధంలో పడేది రైతు. తిరుగులేనిదని నమ్మినవాడు ఏటా అదొక్కటే కొడతాడు. తట్టుకునే తెగులును పెంచి పోషించే దగ్గరిదారి అదే. 2002లో మన దేశానికి వచ్చిన బీటీ పత్తి గురించీ గొప్ప మాటలే విన్నాం. గులాబీరంగు పురుగు దాని మొదటి విషాన్ని తట్టుకుంటోందని 2010లో గుజరాత్ నుంచి కబురు వచ్చింది. తర్వాత రెండు విషాలున్న పత్తినీ అది లెక్కచేయలేదు. అప్పుల పద్దు మాత్రం రైతు పేరునే మిగిలింది.

కాబట్టి రేపు ఎవరైనా ఆర్.ఎన్.ఏ. మందు డబ్బా పట్టుకుని ఊళ్ళోకి వస్తే మూడు ప్రశ్నలడగాలి. ఈ శిలీంధ్రం దీన్ని పీల్చుకుంటుందా? దానికి సొంత కత్తెర ఉందా? తట్టుకునే రకం తలెత్తితే పక్కన వేరే ఉపాయం ఏం పెట్టారు? వీటికి జవాబు చెప్పకుండా "మౌనం" మహిమను వర్ణించేవాడు అమ్ముతున్నది మాటలనే.

ఇక తెలుగులో రాసేవారికి నా మనవి: నొక్కేవాడినీ, నొక్కించుకునేవాడినీ వాక్యంలోకి తీసుకురండి. "నోరు నొక్కడం" మోటుగా ఉందంటారా? ఉండనివ్వండి. అక్కడ జరుగుతున్న పని అటువంటిదే.