చెరువూ గాజుతొట్టీ ఒకటేనా?

సైన్స్ ఎగ్జిబిషన్ వస్తోందంటే కొన్ని పాఠశాలల్లో గాజుతొట్టి బయటికి వస్తుంది. ఒక పక్క మట్టి, ఒక పక్క నీళ్లు, నాలుగు మొక్కలు. దొరికిన కప్పలన్నిటినీ అందులో వదిలి, అట్టముక్క మీద ‘వైవేరియం’ అని రాసి పెడతారు. ఎన్ని రకాలుంటే అంత గొప్ప! ఇది సరికాదంటే విద్యార్థులు వెంటనే అడుగుతారు: “చెరువులో అన్నీ కలిసే వుంటాయి కదండీ, తొట్టిలో ఎందుకు వుండకూడదు?”

మంచి ప్రశ్న. జవాబు చెరువు దగ్గరే వుంది.

వానాకాలంలో చెరువుగట్టు మీద నిలబడి చూడండి. చిన్న నీటికప్ప నీటిమీదే తేలుతూ వుంటుంది. అలికిడైతే నీటిమీద గెంతుతూ పారిపోతుంది. చెట్టుకప్ప వేళ్ల చివరి బిళ్లలతో కొమ్మల్ని పట్టుకుని ఎత్తున వుంటుంది. నీటికి పైన నురగగూడు కట్టి గుడ్లు పెడుతుంది. ఒంటినిండా బుడిపెలున్న గోదురుకప్ప పగలు రాళ్లకింద దాగి, రాత్రి నేలమీద పురుగుల్ని వేటాడుతుంది. 15 సెంటీమీటర్లకు మించి కూడా పెరిగే బుల్‌ఫ్రాగ్ నీటి అంచున కాపు వేస్తుంది. అంటే ఇవి కలిసి కాపురం చేయడం లేదు. చోటును పంచుకుని, ఎవరి హద్దులో అవి బతుకుతున్నాయి.

రెండడుగుల తొట్టిలో ఆ హద్దులెక్కడివి? బుల్‌ఫ్రాగ్ తన నోట పట్టే ప్రాణిని దేన్నయినా మింగుతుంది, సాటి కప్పతో సహా. గోదురుకప్పను బాధిస్తే దాని కళ్లవెనుక గ్రంథుల నుంచి పాలవంటి విషం వూరుతుంది. కప్పలు నీటిని నోటితో తాగవు, చర్మంతో పీల్చుకుంటాయి. కనుక కొద్దిపాటి నీటిలో చేరిన విషం, మలినాలు తక్కిన కప్పలకు హాని చేస్తాయి.

అండమాన్ దీవుల అనుభవం చూడండి. ప్రధాన భూభాగం నుంచి మనుషుల ద్వారా మన బుల్‌ఫ్రాగ్ అక్కడికి చేరింది. దాని తోకకప్పలు ఇతర తోకకప్పల్ని తింటాయి. వాటినీ స్థానిక కప్పల పిల్లలనూ కలిపి పెంచి చూసిన పరిశోధన 2019లో వెలువడింది. స్థానిక పిల్లల్లో ఒక్కటీ మిగలలేదు!

ఇక కంటికి కనబడని ప్రమాదం ఒకటుంది. కైట్రిడ్ అనే శిలీంధ్రం కప్పల చర్మాన్ని దెబ్బతీస్తుంది. దీనివల్ల ప్రపంచంలో 501 ఉభయచర జాతులు తగ్గిపోయాయనీ, వాటిలో 90 అంతరించి వుండవచ్చనీ 2019లో శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. అది దేశాలు దాటడానికి పెంపుడు కప్పల వ్యాపారం కూడా ఒక కారణం. ఆరోగ్యంగా కనిపించే కప్ప కూడా దాన్ని మోయవచ్చు. వేర్వేరు చోట్ల కప్పల్ని ఒక తొట్టిలో కలిపి, తర్వాత చెరువులో వదిలితే రోగాన్ని మనమే పంచినట్లవుతుంది.

అందుకే నా అభిప్రాయం ఇది: ఒక తొట్టిలో ఒకే జాతిని, అదీ ఇంచుమించు ఒకే పరిమాణంలో వున్నవాటిని మాత్రమే వుంచాలి. అంతకన్నా మేలైనది, కప్పల్ని తొట్టికి తేకుండా మనమే చెరువు దగ్గరికి వెళ్లడం. ఏ కప్ప ఎక్కడ కూర్చుంది? ఏ వేళ బయటికి వచ్చింది? ఎలా అరిచింది? నెలరోజులు నోటుబుక్కులో రాసి, ఆ పటాన్ని ఎగ్జిబిషన్‌లో పెట్టండి. ఏ గాజుతొట్టీ చూపలేని విజ్ఞానం అందులో వుంటుంది. ఒక్క కప్పకైనా ప్రాణహాని వుండదు.